చీలమండ ఎముకలు, వంశవృక్షం

ఈనాడు భూమి మీద బతికి ఉన్న జంతువుల్లో మొసలికి అత్యంత దగ్గరి బంధువులు బల్లులూ కావు, ఉడుములూ కావు, తాబేళ్లూ కావు, పక్షులు. డైనోసార్లలో ఒక శాఖ నుంచి పక్షులు పుట్టాయన్న విషయం ఇప్పుడు పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది గాని, ఆ డైనోసార్లకూ మొసళ్లకూ మూలపురుషులు ఒక్కరేనన్న సంగతి, వారి వారసులు రెండు పాయలుగా విడిపోయిన తరువాత కూడా కోట్ల ఏళ్లపాటు ఒకరి రూపాన్ని ఒకరు పోలి ఉన్నారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ పోలిక వల్ల శిలాజాలను చదివిన పండితులు పదేపదే పొరబడ్డారు. మొసలి వంశపు జంతువును డైనోసార్ అన్నారు, డైనోసార్ వంశానికి చెందినదాన్ని మొసలి బంధువు అన్నారు. ఈ పొరపాట్ల చరిత్రలో గోదావరి, ప్రాణహిత నదుల లోయలో దొరికిన ఎముకలకు గణనీయమైన భాగం ఉంది.

పెర్మియన్ యుగం చివర, అంటే సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల క్రితం, భూచరిత్రలోకెల్లా ఘోరమైన సామూహిక వినాశం జరిగి, నేల మీదా నీటిలోనూ ఉన్న జీవజాతుల్లో అత్యధిక భాగం అంతరించిపోయింది. ఆ తరువాత మొదలైన ట్రయాసిక్ యుగంలో, ఖాళీ అయిన ఖండాల మీద క్రమంగా విస్తరించిన సరీసృపాల సమూహానికి ఆర్కోసార్లు అని పేరు. కంటి గుంతకూ ముక్కు రంధ్రానికీ నడుమ పుర్రెలో మరొక రంధ్రం ఉండడం, దంతాలు దవడ ఎముకలోని గుంతల్లో లోతుగా నాటుకుని ఉండడం వీటిలో తొలినుంచీ కనిపించే లక్షణాలు. ఈ సమూహం ట్రయాసిక్ తొలి దశలోనే రెండుగా చీలింది. మొసళ్ల వైపు పాయను సూడోసూకియా అనీ, డైనోసార్లు, పక్షులు, ఎగిరే సరీసృపాలైన టెరోసార్లు ఉన్న రెండో పాయను ఎవిమెటాటార్సేలియా అనీ వ్యవహరిస్తారు. సూడోసూకియా అన్న మాటకు ‘దొంగ మొసళ్లు’ అని అర్థం వస్తుంది. అసలైన మొసళ్లన్నీ ఆ దొంగ మొసళ్ల గుంపులోనే చేరడం వర్గీకరణ శాస్త్రంలోని చిన్న వినోదం.

చీలిక జరిగిందని చెప్పడం తేలిక. దొరికిన ఒక ఎముకల పోగు చీలికకు ఏ వైపున ఉన్నదో చెప్పడం కష్టం. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో శాస్త్రవేత్తలు ఇందుకు ప్రధానంగా ఆధారపడిన అవయవం చీలమండ. ఆర్కోసార్ల చీలమండలో ఆస్ట్రగాలస్, కాల్కేనియం అనే రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. మొసలిలో ఒకదాని మీద ఉన్న బొడిపె రెండోదాని గుంతలో అమరి, నడిచేటప్పుడు ఆ రెండింటి నడుమనే కీలు తిరుగుతుంది. ఆస్ట్రగాలస్ కాలి ఎముకతో ఉండిపోతే, కాల్కేనియం పాదంతోపాటు కదులుతుంది, వెనక్కి పొడుచుకు వచ్చిన మడమ మొన కండరాలకు పట్టునిస్తుంది. ఈ ఏర్పాటు వల్ల పాదం కొంత పక్కకు కూడా తిరగగలదు గనుక మొసలి పొట్ట నేలకు ఆనించి పాకగలదు, అవసరమైతే కాళ్లను నిటారుగా నిలిపి ఒళ్లు పైకెత్తి నడవనూ గలదు. డైనోసార్లలోనూ పక్షుల్లోనూ ఆ రెండు ఎముకలూ కాలి ఎముకకే బిగుసుకుపోయి, వాటి కింద పాదం తలుపు బందులా ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడుతుంది. ఈ తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, చీలమండ దొరికితే చాలు వంశం తెలిసిపోతుందన్న ధీమా చాలాకాలం నిలిచింది.

చీలమండను చదవడం అలవాటు కాకముందు పరిస్థితి మరీ అయోమయంగా ఉండేది. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాళ్లలో దొరికిన పొలుసుల వంటి ఫలకాల ముద్రలను చూసి లూయీ అగాసీ 1844లో అదొక చేప అనుకుని స్టాగనొలెపిస్ అని పేరుపెట్టాడు. అది చేప కాదు, కవచం ఉన్న సరీసృపమని థామస్ హెన్రీ హక్స్‌లీ తరువాత నిరూపించి, 1875లో దాన్ని ఆధారంగా చేసుకుని మొసళ్ల పరిణామం ఏ మెట్ల మీదుగా సాగిందో వివరించే వ్యాసం వెలువరించాడు. మొసలి బంధువుల్లో శాకాహారులుగా మారిన ఏటోసార్లు అనే కవచధారుల గుంపులో స్టాగనొలెపిస్ నేడు స్థిరపడింది. అదే ఎల్గిన్ రాళ్లలోని హైపరోడపిడాన్ అనే ముక్కు వంగిన శాకాహార సరీసృపం, నాటి హైదరాబాద్ సంస్థానంలోని మలేరీ గ్రామం దగ్గర దొరికిన ఎముకల్లోనూ ఉన్నట్టు గుర్తించినవాడు కూడా హక్స్‌లీయే. స్కాట్లండ్‌కూ గోదావరి లోయకూ ఒకే జంతువు ఎలా ఉమ్మడి అయిందన్న ప్రశ్నకు, ట్రయాసిక్‌లో ఖండాలన్నీ పాంజియా అనే ఒకే మహాఖండంగా కలిసి ఉండేవన్న జవాబు రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

మలేరీ గ్రామం పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి ఎర్రటి బంకమట్టి రాళ్లలో ఎముకలు ఉన్నాయని 19వ శతాబ్దం మధ్యలోనే లోకానికి తెలియజేసినవారిలో నాగపూర్‌లో పనిచేసిన స్కాటిష్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఒకడు; పారాసూకస్ హిస్లోపీ అనే జంతువు ఆయన పేరే మోస్తున్నది. ఇది ఫైటోసార్ అనే గుంపుకు చెందినది. పొడవాటి సన్నని మూతి, దాని నిండా దంతాలు, వీపున ఎముక పలకలు, నీటి అంచున పొంచి ఉండే బతుకు – చూసినవారెవరైనా దీన్ని ఘరియాల్ మొసలి అనే అంటారు. అయితే మొసలి ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటే, ఫైటోసార్ ముక్కు రంధ్రాలు నుదుటి దగ్గర, కళ్లకు కాస్త ముందు ఉంటాయి. నీటిలో దాగి వేటాడే జంతువుకు ఊపిరి పీల్చే అవసరం ఒకటే అయినా, రెండు వేర్వేరు వంశాలు దానికి రెండు వేర్వేరు పరిష్కారాలు కనుక్కున్నాయన్నమాట. ఫైటోసార్లు మొసళ్ల పూర్వీకులు కావన్నది నిర్వివాదం. అవి సూడోసూకియా పాయకు మొదట్లో నిలుస్తాయా, లేక ఆర్కోసార్ల చీలికకు ముందే వేరుపడ్డాయా అన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పారాసూకస్‌గా తొలుత వర్ణించిన ముక్కల్లో కొన్ని హైపరోడపిడాన్‌వని తేలి, చివరికి ఆ పేరును నిలబెట్టడానికి పూర్తి అస్థిపంజరం ఒకదాన్ని కొత్త ప్రామాణిక నమూనాగా ఎంచుకోవలసి వచ్చింది.

ఆ పూర్తి అస్థిపంజరాలు దొరకడానికి కారణం ఒక గణాంక సంస్థ కావడం విశేషం. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూవిజ్ఞాన విభాగం కూడా ఉండాలని ప్రశాంతచంద్ర మహలనోబిస్ తలచి, 1950ల చివరలో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్‌సన్‌ను ఆహ్వానించడంతో, ప్రాణహిత గోదావరి లోయలో క్రమబద్ధమైన తవ్వకాలు మొదలయ్యాయి. అంకెల సంస్థకు ఎముకలతో పనేమిటన్న సందేహం ఆనాడు కొందరికైనా కలిగి ఉంటుంది గాని, శిలాజ శాస్త్రంలో ప్రధానమైన పని కొలతల తేడాల నుంచి బంధుత్వాన్ని రాబట్టడమే గనుక ఆ కలయిక అంత అసంబద్ధమేమీ కాదు. పక్కపక్కన పడి ఉన్న రెండు పారాసూకస్ అస్థిపంజరాలు, వాటి కడుపు భాగంలో మలేరిసారస్ అనే బల్లి వంటి సరీసృపపు ఎముకలు – ఇవి ఆ తవ్వకాల ఫలితాల్లో చిరస్మరణీయమైనవి. మలేరిసారస్ జాతి నామంలో రాబిన్‌సన్ పేరు నిలిచింది. ఆ జంతువులను వర్ణించిన శంకర్ ఛటర్జీ తరువాత అమెరికా వెళ్లి, టెక్సస్‌లోని పోస్ట్ అనే ఊరి దగ్గర ట్రయాసిక్ రాళ్లను తవ్వి, చీలమండ సమస్య ఎంత జటిలమో తెలియజేసే రెండు జంతువులను వెలికితీశాడు.

మొదటిది 1985లో ఆయన ప్రకటించిన పోస్టోసూకస్. నాలుగైదు మీటర్ల పొడవు, ఎత్తైన పుర్రె, రంపపు అంచులున్న కత్తి వంటి దంతాలు గల ఈ మాంసాహారిని చూసి, టిరనోసార్ల మూలాలు ఈ వైపున ఉండవచ్చని ఛటర్జీ ప్రతిపాదించాడు. నేడు ఆ వాదన ఎవరూ అంగీకరించరు, పోస్టోసూకస్ నిస్సందేహంగా మొసలి వంశానిదే. రెండోది 1993లో వచ్చిన షూవోసారస్. దంతాలు లేని ముక్కు, పెద్ద కంటి గుంతలు ఉన్న ఈ పుర్రెను ఉష్ట్రపక్షిని పోలిన డైనోసార్లకు అతి ప్రాచీన పూర్వీకుడిగా ఆయన వర్ణించాడు. అలాంటి డైనోసార్లు క్రెటేషియస్ యుగంలో, అంటే దాదాపు పది కోట్ల ఏళ్ల తరువాత గాని కనిపించవు గనుక ఇది చాలామందికి మింగుడుపడలేదు. చిక్కుముడి విప్పిన జంతువు న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలోనే, ప్లాస్టర్ కట్టులో, దాదాపు అరవై ఏళ్లుగా ఉంది. న్యూమెక్సికోలోని ఘోస్ట్ రాంచ్ అనే చోట 1940ల చివరలో తవ్వి తెచ్చిన రాతి దిమ్మెల్లో ఒకదాన్ని ఎట్టకేలకు తెరిచి శుభ్రం చేసినప్పుడు, రెండు కాళ్ల మీద నడిచే, చేతులు పొట్టిగా ఉన్న, దంతాలు లేని ఒక జంతువు బయటపడింది. తల నుంచి తోక దాకా ఉష్ట్రపక్షి డైనోసార్‌లా ఉన్న దాని కాలి చివర ఉన్నది మాత్రం మొసలి చీలమండ. స్టెర్లింగ్ నెస్బిట్, మార్క్ నోరెల్ 2006లో దానికి ఎఫీజియా అని పేరుపెట్టారు. షూవోసారస్ దాని సోదర జాతి అని తేలింది. ఉష్ట్రపక్షి వంటి శరీరం మొదట మొసళ్ల వంశంలో, చాలాకాలం తరువాత డైనోసార్ల వంశంలో, ఆపైన ఈనాటి పక్షుల్లో – మూడుసార్లు వేర్వేరుగా ఏర్పడింది. రెవుయెల్టోసారస్ అనే మరో జంతువుదీ ఇంచుమించు ఇదే కథ: ఆకులు నమిలే దంతాలు మాత్రమే దొరికినంతకాలం అది శాకాహార డైనోసార్; అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో అస్థిపంజరం దొరికాక మొసలి బంధువు.

ఈ అనుభవాల తరువాత, రూపం మోసగించినా చీలమండ మోసగించదన్న నమ్మకం మరింత బలపడి ఉండవలసింది. ఆ నమ్మకాన్ని దెబ్బతీసినవాటిలో పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్న ఎర్రపల్లి శిలాశ్రేణి జంతువు ఒకటి. మలేరీ రాళ్ల కంటే పాతవైన ఈ రాళ్లు మధ్య ట్రయాసిక్ కాలానివి, అంటే సుమారు 24 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటివి. ఇక్కడి ఎర్ర మట్టిరాయిలో ఒకటికి మించిన జంతువులవి, విడివిడిగా పడి ఉన్న ఎముకలను పరిశీలించి కస్తూరి సేన్ 2005లో యారాసూకస్ డెక్కనెన్సిస్ అని నామకరణం చేశారు. దక్కన్ ఎర్ర మొసలి అని దాని భావం. పొడవైన మెడ, సన్నని ఒడలు, రెండు మీటర్లకు పైబడిన పొడవు ఉన్న ఈ నాలుగు కాళ్ల జంతువును సేన్ మొసలి వంశంలోని ప్రెస్టోసూకిడ్ అనే మాంసాహారుల గుంపులో చేర్చారు. అప్పటికి ఉన్న ఆధారాలను బట్టి అది సబబైన నిర్ణయమే. కాని ఆ మెడపూసలు మొసలి బంధువులకు అంతగా పొసగకపోవడం వల్ల యారాసూకస్ స్థానం పన్నెండేళ్లపాటు అటూ ఇటూ ఊగింది.

జవాబు టాంజానియా నుంచి వచ్చింది. అక్కడి రుహుహు లోయలోని మండా శిలాశ్రేణిలో 1933లో రెక్స్ పారింగ్టన్ సేకరించిన కొన్ని ఎముకలను అలన్ చారిగ్ 1950లలో తన పరిశోధన గ్రంథంలో వర్ణించి టెలియోక్రేటర్ అని పేరు సూచించాడు గాని, చీలమండ వంటి కీలక భాగాలు లేనందున దాని వంశం తేలలేదు, పేరు విధ్యుక్తంగా ప్రచురణకూ నోచుకోలేదు. 2015లో నెస్బిట్ బృందం అదే ప్రాంతంలో మరిన్ని ఎముకలను, పాత సేకరణలో లోపించిన భాగాలను సంపాదించింది. 2017లో నేచర్ పత్రికలో వెలువడిన వ్యాసంలో, అప్పటికి ఇరవై ఏళ్ల క్రితమే మరణించిన చారిగ్‌ను కూడా రచయితల్లో ఒకడిగా చేర్చారు. శాస్త్రలోకంలో ఇటువంటి మర్యాద తరచుగా కనిపించదు. పుర్రె పైభాగంలో దవడ కండరం అతుకుకునే పల్లం, మెడపూసల నిర్మాణం, తొడ ఎముక మీది కండర చిహ్నాలు టెలియోక్రేటర్‌ను నిర్ద్వంద్వంగా డైనోసార్ల పాయలో నిలిపాయి. దాని చీలమండ మాత్రం మొసలి చీలమండే, మడమ మొనతో సహా.

అదే వ్యాసం యారాసూకస్‌ను, బ్రెజిల్‌లోని స్పోండిలోసోమాను, రష్యాలోని డోంగూసూకస్‌ను టెలియోక్రేటర్‌తో కలిపి అఫనోసారియా అనే ఒకే గుంపుగా గుర్తించింది. ఎర్రపల్లిలోని ‘మొసలి’ నిజానికి డైనోసార్ల, పక్షుల పాయకు చెందిన అతి ప్రాచీన ప్రతినిధుల్లో ఒకటి. పేరు మాత్రం మారదు. నామకరణ నియమాల ప్రకారం తప్పు అర్థమిచ్చే పేరైనా ముందు పెట్టినదే చెల్లుతుంది.

దీని వల్ల తలకిందులైనది ఒక జంతువు స్థానం మాత్రమే కాదు. మొసలి తరహా చీలమండ మొసళ్ల వంశం సాధించిన ప్రత్యేకత అని అంతవరకు భావించేవారు. అది రెండు పాయల్లోనూ మొదట్లోనే ఉన్నదంటే, ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిన పాత సొత్తు అయి ఉండే అవకాశమే ఎక్కువ. మొసళ్లు దాన్ని నిలుపుకున్నాయి, డైనోసార్ల వైపువి తరువాత వదులుకున్నాయి. పూర్వీకుల నుంచి సంక్రమించిన లక్షణం ఇద్దరు వారసుల్లో ఒకరి దగ్గరే మిగిలినప్పుడు, అది వారి సొంత సంపాదనలా కనిపిస్తుంది. రెండు కాళ్ల మీద చురుగ్గా పరుగెత్తే చిన్న జంతువు నుంచి డైనోసార్ల పాయ మొదలైందన్న పాత చిత్రం కూడా ఇక చెల్లలేదు. ఆ పాయ నాలుగు కాళ్ల మీద, ఉడుమును తలపించే పొడుగు ఒడలితో మొదలైంది. డైనోసార్ అనిపించే లక్షణాలు ఒక్కసారిగా కాక, ఒకదాని తరువాత ఒకటిగా చేరాయి.

ఇదే తర్కం బతికి ఉన్న జంతువులకూ వర్తిస్తుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి లోపలికి పీల్చినా బయటికి వదిలినా నాళాల గుండా ఒకే దిశలో ప్రవహిస్తుందని, ఎగిరే శ్రమకు కావలసిన ప్రాణవాయువు కోసం ఏర్పడిన ఏర్పాటు అదని చాలాకాలం చెప్పుకున్నారు. 2010లో కొలీన్ ఫార్మర్, కెంట్ శాండర్స్ ఎలిగేటర్ ఊపిరితిత్తుల్లోనూ గాలి ఒకే దిశలో సాగుతున్నదని చూపించారు. మొసలి గుండెకు పక్షి గుండెకు మల్లే నాలుగు గదులుండడం అంతకు చాలా ముందే తెలుసు. ఎండలో కదలకుండా పడి ఉండే జంతువుకు ఇంత సామగ్రి ఎందుకన్న ప్రశ్నకు, దాని ట్రయాసిక్ బంధువుల ఎముకలను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసినవారి దగ్గర కొంత సమాధానం ఉంది: వాటిలో అనేకం నేటి మొసళ్ల కంటే వేగంగా పెరిగాయి. మందకొడి బతుకు మొసళ్లకు పుట్టుకతో వచ్చినది కాదు, మధ్యలో అలవడింది.

ట్రయాసిక్ చివరి భాగానికి, అంటే సుమారు 23 కోట్ల ఏళ్ల క్రితానికి వస్తే, అర్జెంటీనాలోని ఇషిగువలాస్తో రాళ్లలో హెరెరాసారస్, ఇయోరాప్టర్ వంటి నిజమైన డైనోసార్లు కనిపిస్తాయి. మలేరీ రాళ్లలో వీటికి సాటిగా మొదట చెప్పుకున్నది 1987లో ఛటర్జీ వర్ణించిన చిన్న జంతువు, నేటి పేరు ఆల్వాకేరియా. అయితే ఇందులో తొడ ఎముక, చీలమండ ఎముక డైనోసార్‌వే అయినా, మూతి ముక్క, వెన్నుపూసలు ఇతర సరీసృపాలవి కావచ్చునని తరువాతి పరిశీలకులు ఎత్తిచూపారు. అంటే ఒకే పేరు కింద రెండు మూడు జంతువులు చేరి ఉండవచ్చు. మలేరీ పైపొరలు ఈ విషయంలో గట్టి ఆధారాలనిచ్చాయి. పొడవు మెడ శాకాహార డైనోసార్ల తొలి బంధువులైన నంబాలియా, జక్లపల్లిసారస్ 2011లో వెలువడ్డాయి. 2025లో ప్రకటించిన మలేరీరాప్టర్ కుట్టీ హెరెరాసారస్ కుటుంబానికి చెందిన మాంసాహారి. లోయను దశాబ్దాలపాటు గాలించిన టి.ఎస్. కుట్టి పేరు దానికి పెట్టారు. ఆనాటి దక్షిణార్ధ గోళంలో దక్షిణ అమెరికా వెలుపల ఈ కుటుంబపు ఉనికికి ఇంత స్పష్టమైన సాక్ష్యం ఇంతకుముందు లేదు.

ఈ తొలి డైనోసార్లు ఆనాటి లోకాన్ని ఏలలేదు. మలేరీలో తవ్వితే ఎక్కువగా దొరికేవి హైపరోడపిడాన్, పారాసూకస్, సాలమాండర్ల దూరపు బంధువులైన పెద్ద తల ఉభయచరాలు; డైనోసార్ ఎముకలు అరుదు. మొసలి వంశంలో అప్పటికే కవచమున్న శాకాహారులు, పెద్ద వేటగాళ్లు, దంతాలు లేని ముక్కు గల రెండు కాళ్ల జంతువులు, పిల్లి పరిమాణపు పరుగు వీరులు ఉన్నాయి. మలేరీ పైనున్న ధర్మారం శిలాశ్రేణి నుంచి 2023లో వర్ణించిన వెంకటసూకస్ కూడా కవచధారుల గుంపుదే. స్టీవ్ బ్రుసాట్ బృందం 2008లో రెండు వంశాల శరీర నిర్మాణ లక్షణాలను లెక్కగట్టి పోల్చినప్పుడు, చివరి ట్రయాసిక్‌లో రూప వైవిధ్యం మొసళ్ల వైపే చాలా ఎక్కువగా ఉన్నట్టు, పరిణామ వేగంలో డైనోసార్లకు ఆధిక్యమేమీ లేనట్టు తేలింది. డైనోసార్లు నిటారు కాళ్ల వల్లనో చురుకుదనం వల్లనో పోటీదారులను ఓడించి ఎదిగాయన్న పాత వివరణకు ఇది గట్టి ఎదురుదెబ్బ. పోటీలో గెలిచినవారే చరిత్రలో మిగులుతారని ముందే అనుకుని, మిగిలినవారిలో గెలుపు కారణాలు వెతకడం ఆ వివరణలోని లోపం.

సుమారు 20 కోట్ల 10 లక్షల ఏళ్ల క్రితం పాంజియా నడుమ చీలి, నేటి అట్లాంటిక్ తీరాల పొడవునా లావా పెల్లుబికింది. వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి శీతోష్ణాలు తారుమారయ్యాయి. ఏటోసార్లు, పోస్టోసూకస్ బంధువులు, ఎఫీజియా బంధువులు, ఫైటోసార్లు అన్నీ పోయాయి. మొసళ్ల వైపు మిగిలినవి సన్నకాళ్ల చిన్న జంతువుల పాయ ఒక్కటే. డైనోసార్లు ఎందుకు గట్టెక్కాయన్నదానికి అనేక ఊహలున్నాయి గాని, అవి మొసలి బంధువులకు లేని ఏ ఒక్క గుణం వల్ల బతికాయో చూపగల ఆధారం ఇంతవరకు కుదరలేదు. ఫలితం మాత్రం గోదావరి లోయలోనే కనిపిస్తుంది: జురాసిక్ కాలపు కోట శిలాశ్రేణిలో, సిరోంచ ప్రాంతపు పోచంపల్లి దగ్గర దొరికిన బరాపాసారస్ టాగోరీ తొడ ఎముకే 1.7 మీటర్లు, యామన్‌పల్లి దగ్గర దొరికి, హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ పొడవు తొమ్మిది మీటర్లు. మలేరీలో అరుదైన అతిథులుగా ఉన్నవారి బంధువులు కొన్ని కోట్ల ఏళ్లలో ఆ నేలకు యజమానులయ్యారు.

మొసళ్ల పాయ అక్కడితో కుంచించుకుపోయి, నదీతీరానికి పరిమితమైందనుకుంటే అదీ సరికాదు. జురాసిక్‌లో కొన్ని సముద్రంలోకి వెళ్లి, కవచం వదిలి, కాళ్లు తెడ్లుగా, తోక చేప తోకగా మారాయి. క్రెటేషియస్‌లో నోటోసూకియా అనే నేల మొసళ్లు గోండ్వానా అనే దక్షిణ ఖండాల నిండా వ్యాపించి, వాటిలో కొన్ని క్షీరదాల మాదిరిగా దంతాలను ముందుపళ్లు, నమిలే పళ్లు అని విభజించుకున్నాయి. మడగాస్కర్‌లోని సిమోసూకస్ మూతి పొట్టిగా మొద్దుగా ఉండి, లవంగం ఆకారపు దంతాలతో ఆకులు తిన్నది. దాన్ని పోలిన దంతం తమిళనాడులోని కల్లమేడు రాళ్లలోనూ దొరికింది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితపు వినాశంలో పక్షులు తప్ప డైనోసార్లన్నీ పోయినప్పుడు, ఈ నేల మొసళ్లలో చాలా మటుకు కూడా వాటితోపాటే పోయాయి. దాటి వచ్చినవాటిలో అధికభాగం, తిండి లేకుండా నెలల తరబడి నీటి పట్టున గడపగలిగిన రకాలు.